ఇంటికి తెల్లచుక్క

దేవరాజులు గిటారు కొయ్యకి దవడ ఆనించి, కళ్లు మూసుకుని, మూడో తీగ మర తిప్పుతున్నాడు. రోజూ పొద్దున ఇదే పని. పళ్లు తోముకున్నాక, కాఫీ తాగకముందు, వసారాలో గోనెపట్టా మీద కూర్చుని తీగలు సరిచేస్తాడు. దవడ ఆనించకపోతే అతనికి శ్రుతి దొరకదు. కొయ్యలోంచి ఎముకలోకి, ఎముకలోంచి పంటి మొదట్లోకి సన్నటి వణుకు రావాలి. వస్తే సరి. రాకపోతే ఇంకాస్త తిప్పాలి. ఎవరైనా చూసి నవ్వితే "ఇది నా పద్ధతి" అంటాడు.

వంటింట్లోంచి భార్య కాంచన పిలిచింది. మళ్లీ పిలిచింది. విసిగి, ఇత్తడి చెంబు తీసుకుని గడప మీద ఠంగుమని కొట్టింది. అప్పుడు తల తిప్పాడు.

"కాఫీ చల్లారిపోతా ఉండాది. పిలిస్తే పలికే మొగుడు యాడన్నా దొరికితే చెప్పు, మార్చుకుంటా."

"దొరికితే నాకూ చెప్పు. వానికి గిటారు నేర్పిస్తా."

ఆమె పెదాలకేసి చూస్తూ నవ్వాడు. మనిషి మాట్లాడుతుంటే కళ్లు కాకుండా పెదాలు చూడడం అతనికి ఎప్పుడు అలవాటైందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

కాంచన దీపం పత్తి తీసి ఒత్తులు చేసింది. దేవుడికి సన్నవి. మొగుడి చెవులకి లావువి, కొబ్బరినూనెలో ముంచినవి. పెళ్లైన కొత్తలో ఒకనాడు షెడ్డు నుంచి తలపోటుతో వచ్చి పడుకుంటే ఆమే కనిపెట్టిన వైద్యం ఇది. షెడ్డు యజమానికి తోచనిది ఆమెకు తోచింది. యజమానికి ఎందుకు తోస్తుంది? అతని ఆఫీసు గది రోడ్డు అవతల ఉంది.

అతను పనిచేసే ఆ షెడ్డు, రైల్లో పోతే ఆవడి దాటాక ఉంటుంది. పాత నూనె పీపాలు, తారు పీపాలు లారీల్లో వస్తాయి. వాటి సొట్టలు తీసి, రంగేసి, మళ్లీ అమ్ముతారు. దేవరాజులుది సొట్టలు తీసే పని. పీపా నోట్లోంచి చెయ్యి పోనిచ్చి, లోపల సొట్ట వెనక ఇనుప దిమ్మె అదిమి పట్టుకుంటాడు. బయటి నుంచి ఇంకొకడు సుత్తితో కొడతాడు. చెయ్యి లోపల ఉంటే తల ఎక్కడుంటుంది? పీపా నోటి దగ్గరే. మీసం రాని వయసులో సొంతూరు తిరువాలంగాడు నుంచి వెళ్లి ఆ పీపా పక్కన నిలబడ్డవాడు, మీసం నెరిసినా అక్కడే నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఉన్న కాస్త చేను అన్నదమ్ములు పంచుకుంటే గట్లే మిగిలాయి. ఇంకెక్కడికి పోతాడు?

గిటారు మాత్రం ఆ బతుకులోకి వేరే దారిన వచ్చింది. చిన్నప్పుడు అరక్కోణం రైల్వే క్వార్టర్సుకి పాలు పోసేవాడు. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని వాయించేవాడు. పాలచెంబు పక్కన పెట్టి ఈ కుర్రాడు వినేవాడు. వినగా వినగా ఆయనే వేళ్లు పట్టి తీగల మీద పెట్టించాడు. ఉద్యోగం మానుకుని కుటుంబంతో పరదేశం పోతూ ఆ కరెంటు గిటారు ఇతనికిచ్చి పోయాడు. ఆంప్లిఫయరు మాత్రం అమ్ముకున్నాడు.

కరెంటు గిటారుకి ఆంప్లిఫయరు లేకపోతే గొంతు లేనట్టే. ఇంట్లో వాయిస్తే గోడమీద బల్లి కదిలినంత చప్పుడు. కాంచన ఇన్నేళ్లలో మొగుడి వాయింపు ఇంట్లో వినలేదు. కచేరీకి పోతే అక్కడా వినలేదు. కచేరీ ఆమె తమ్ముడు జయరాముడిది. తిరుత్తణి చుట్టుపక్కల పెళ్లిళ్లకి పాటల బృందం నడుపుతాడు. జయరాముడి పెద్ద ఆంప్లిఫయరుకి వైర్లు తగిలించే రంధ్రాలు రెండు. ఒకటి తన గిటారుకి, రెండోది బావ గిటారుకి. దేవరాజులు మీట కాస్త పెంచితే చాలు, జయరాముడు పాటకి ఊగుతున్నట్టే ఊగుతూ వచ్చి, ఒక వేలితో తగ్గించి పోయేవాడు. ఏళ్లుగా ఇదే తంతు. దేవరాజులు పైకేమీ అనేవాడు కాదు. లోపల మాత్రం ఉడికేవాడు. 'పేరంతా వానికే కావాల' అనుకునేవాడు.

పోయిన ముహూర్తంలో జయరాముడు తల వంచుకుని చెప్పాడు.

"బావా, ఇంక రెండో రంధ్రం ఆర్గన్‌కి కావాల. నువ్వు సొంతంగా చిన్న ఆంప్లిఫయరు ఒకటి తెచ్చుకో. తిరువళ్లూరులో రత్నస్వామి చేసిస్తాడు. లేదంటే..."

లేదంటే ఏమిటో చెప్పలేదు. చెప్పాలా? రేపు కనకమ్మ సత్రంలో పెళ్లి. పెట్టె ఉంటే వేదిక మీద చోటుంటుంది. లేకపోతే పందిట్లో కుర్చీ.

ఆవేళ శనివారం, షెడ్డు సగం పూటే. గిటారుని ఖాకీ సంచిలో పెట్టి పనికి తెచ్చుకున్నాడు దేవరాజులు. పీపాలకి దూరంగా మేకుకి తగిలించి, మధ్యాహ్నం చేతుల తారు కిరసనాయిలుతో కడుక్కుని, రైలుబండెక్కి తిరువళ్లూరులో దిగాడు.

రత్నస్వామి కొట్టు బజారు వీధిలో ఉంది. రేడియోలు బాగుచేస్తాడు, పెళ్లిళ్లకి మైకుసెట్టు అద్దెకిస్తాడు, అడిగినవాళ్లకి ఆంప్లిఫయర్లు కూర్చి ఇస్తాడు. బల్లమీద రెండు పెట్టాడు. ఒకటి పెద్ద రేకుపెట్టె, మెరిసే మీటలు, అన్నం పళ్లెమంత స్పీకరు. రెండోది చిన్న కొయ్యపెట్టె, పైన నల్ల రెక్సిను, ఎత్తుకోవడానికి తోలు పిడి.

"పెద్దది కచేరీకి, అన్నా. పందిట్లో ఆ చివర తాంబూలం ఇచ్చే ముసలాయనక్కూడా వినబడతాది. ఇంట్లో పెడితే పెంకులు లేచిపోతాయి. చిన్నది ఇంటికి. పెళ్లికి పోతే ముందర ఒక మైకు పెట్టుకో, సరిపోతాది. ఏది కావాల?"

"రెంటికీ ఒకటే కావాల రత్నస్వామీ. నాకుండేది ఒక ఇల్లు, ఒక గిటారు, ఒక పెళ్లాం."

"అందరికీ అంతేనన్నా. పెళ్లాం ఒకటే మీట లేకుండా వస్తాది."

దేవరాజులు పెద్దదానికి వైరు తగిలించి తీగలు మీటాడు. మీట పెంచాడు. ఇంకా పెంచాడు. సన్న స్వరాలు పెంచే రెండో మీట చివరిదాకా తిప్పాడు. మొహం ముడుచుకున్నాడు.

"ఏంది ఇది, దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుండాది. కీచుమనే సత్తమే లేదే దీంట్లో."

వీధిలో సైకిలు మీద పోతున్నవాడు కాలు కింద పెట్టి ఆగిపోయాడు. ఎదురు టీకొట్టు చౌడప్ప గ్లాసు వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. పాలపెట్టె కింద పడుకున్న కుక్క లేచి సందులోకి పోయింది. దేవరాజులు చౌడప్ప చేతులు చూశాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు. రత్నస్వామి మొహం చూశాడు. అందులో ఎగతాళి లేదు.

రత్నస్వామి అది ఆపేసి, చిన్నదానికి వైరు మార్చాడు. బల్లమీద పెట్టబోతే దేవరాజులు అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. గిటారు దానికి ఆనించి మెల్లగా వాయించాడు. కొయ్యపెట్టె వణికింది. ఆ వణుకు తొడల్లోంచి పొట్టలోకి, రొమ్ములోంచి దవడలోకి ఎక్కింది. కళ్లు మూసుకున్నాడు. డ్రైవరు మెట్ల మీద నేర్పిన మొదటి వరస వాయించాడు.

"ఇది పలుకుతా ఉండాది" అన్నాడు. "ఇదే కావాల."

రత్నస్వామి అతని వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"దేవరాజులన్నా."

అతను వాయిస్తూనే ఉన్నాడు.

"దేవరాజులన్నా!"

ఎదురుకొట్టు నుంచి చౌడప్ప "ఏంది రత్నస్వామీ, ఆయన పక్కనే ఉండాడు కదా, ఎందుకట్ల అరుస్తావు?" అన్నాడు. దేవరాజులు మాత్రం పలకలేదు.

పాట అయ్యాక కళ్లు తెరిచి, వెనక్కి తిరిగి, ఇద్దరి మొహాలూ చూశాడు. మొహాలు చదవడం అతనికి బాగా వచ్చు.

"పిలిచినావా?"

రత్నస్వామి తల ఊపాడు. లోపలికి వెళ్లి, మైకు గొట్టాల మీద కొట్టు పేరు రాసే రంగుడబ్బాలు తెచ్చాడు. పెట్టె బల్లమీద పెట్టించి, మీట తనే తిప్పి, తన చెవితో విని, ఒకచోట ఆపి, అగ్గిపుల్లతో మీట పక్కన తెల్లచుక్క పెట్టాడు. ఇంకాస్త తిప్పి ఎర్రచుక్క పెట్టాడు. తరవాత దేవరాజులు ఎదురుగా కూర్చుని, నోరు బాగా తెరిచి, ఒక్కో మాటే చెప్పాడు.

"ఇంట్లో తెల్లచుక్క. కచేరీలో ఎర్రచుక్క. ఇది దాటొద్దన్నా. నీ చెవికి చాలకపోయినా దాటొద్దు."

దేవరాజులు వంగి ఆ చుక్కలకేసి చూశాడు.

"జయరాముడికి తెలుసునా?"

"బృందంలో అందరికీ తెలుసు. సత్తం పెంచేస్తావు, జనం తిట్టుకుంటారు, ఆయన తగ్గిస్తాడు. అట్లనే సర్దుకుంటా వచ్చినాడు. ఆర్గన్‌కి రంధ్రం కావాలనేది ఉత్తమాట. నీకు వేరే పెట్టె చేసి, గురుతు పెట్టి ఇయ్యమని ఆయనే వచ్చి చెప్పిపోయినాడు. నిన్ను మాన్పించేదానికి మనసు రాలేదంట."

ఇదీ సంగతి. పనిలో వేలు తెగితే రక్తం కనబడుతుంది. పది మంది మూగుతారు, ఎవరో ఒకరు అడుగుతారు, యజమాని కాస్తయినా భయపడతాడు. చెవి లోపల రోజుకింత తెగుతూ వస్తే ఎవరికి కనబడుతుంది? తెగినవాడికే తెలియదు. లోకమే మెల్లగా మాట్లాడుతోందనుకుంటాడు. బావమరిది తన గొంతు నొక్కుతున్నాడనుకుంటాడు. గొంతు నొక్కింది పీపా. పీపా పక్కన నిలబెట్టినవాడు రోడ్డు అవతల ఫ్యాను కింద కూర్చున్నాడు. వాడి మీద మాత్రం దేవరాజులుకి ఏనాడూ కోపం రాలేదు. మనవాళ్ల కోపమంతా మనవాళ్ల మీదే ఖర్చయిపోతుంది.

దేవరాజులు చెయ్యి చాచి మీటని తెల్లచుక్క దగ్గరికి తిప్పి చూసుకున్నాడు.

"ఆరలేదన్నా! రంగు!"

అప్పటికే బొటనవేలు తగిలింది. వేలికి అంటిన రంగుని పంచెకి తుడుచుకుని, ఆ పూట మొదటిసారి నవ్వాడు.

"పోనీలే. ఈపొద్దు సాయంత్రం కాంచనకి వినిపిస్తా. తెల్లచుక్క కాడ. రేపు జయరాముడు నా దగ్గరికి ఊగుతా వచ్చే పని లేదు."

తిరువాలంగాడులో దిగేసరికి ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. ఊరు రైలుకట్టకి అవతల ఉంది. పట్టాలు దాటి, అవతలి ప్లాట్‌ఫారం ఎక్కి పోవడం అక్కడ అందరికీ అలవాటే. బండి దిగినవాళ్లంతా దాటేశారు. దేవరాజులు చేతిలో బరువుతో వెనకబడ్డాడు. వీపున గిటారు. పట్టాల మధ్య నిలబడి, ముందు పెట్టెని రెండు చేతులా ఎత్తి ప్లాట్‌ఫారం మీద పెట్టాడు. పడిపోకుండా లోపలికి నెట్టాడు. మీట దగ్గర చుక్క చెదిరిందేమోనని వంగి చూశాడు.

అతను దిగిన బండి అటు కదులుతోంది. ఇటు అరక్కోణం వైపు నుంచి ఆగని బండి వస్తోంది. కూత వేసింది. ప్లాట్‌ఫారం మీద పూలబుట్టల ఆడవాళ్లు అరిచారు. ఒకామె చెయ్యి చాచి పరిగెత్తింది. అతను తల ఎత్తలేదు. చుక్క చూసుకుంటున్నాడు.

బండి పోయాక పట్టాల మీద ఖాకీ గుడ్డ పేలికలు ఉన్నాయి.

రైల్వేవాళ్లు అజాగ్రత్త అని రాశారు. షెడ్డు నుంచి ఒక పూలదండ వచ్చింది. దండ తెచ్చినవాడు తిరుగుబండికి తొందరపడ్డాడు.

కర్మ అయిన మరునాడు జయరాముడు వసారాలో కూర్చుని ఉంటే, కాంచన గోడవారనున్న పెట్టె చూపించింది.

"దాన్ని పెట్టు తమ్ముడా. ఎంత సత్తమో వినాల."

జయరాముడు తన గిటారు తగిలించి, మీట తెల్లచుక్క దగ్గరే ఉందని చూసుకుని, మెల్లగా వాయించాడు. వసారా నిండింది. వీధిలోకి పోలేదు. కాంచన స్తంభానికి ఆనుకుని పాట చివరిదాకా విన్నది.

"ఇదేనా? ఇంతేనా?"

"ఇంతే అక్కా. ఇంటికి ఇంతే."

"ఇది ఆయనకి వినబడి ఉంటాదా?"

జయరాముడు తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేశాడు. రత్నస్వామి చెప్పిందంతా అప్పుడు చెప్పాడు. తను చెప్పకుండా దాచినది కూడా చెప్పాడు. కాంచన ఏడవలేదు. లేచి లోపలికి వెళ్లి, గడప పక్కనున్న ఇత్తడి చెంబుని తీసి అటకమీద పెట్టింది.

"పలకడని ఎన్ని మాటలంటిని రా" అంది, అటక మీంచి చెయ్యి తియ్యకుండానే.

పెట్టె ఎవరికీ ఇవ్వలేదు. కచేరీకి అద్దెకైనా ఇవ్వమని జయరాముడి బృందంలో ఒకరు అడిగితే తల అడ్డంగా తిప్పింది. పొద్దున దీపానికి ఒత్తులు చేశాక, మిగిలిన పత్తితో దాని రెక్సిను తుడుస్తుంది. తోలు పిడి తుడుస్తుంది. మీట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపుకుంటుంది. అక్కడ, ఆరకముందే చెదిరి ఎండిపోయిన తెల్లచుక్కలో, ఒక బొటనవేలి గీతలు సన్నగా చుట్టలు తిరిగి ఉన్నాయి.