నాలుగు నుంచి మూడుకు

కారు స్టార్టయింది గాని నాగకుమారి ముఖంలో సంతోషం కనిపించలేదు.

పుదుచ్చేరి తట్టాంచావడి ఫ్యాక్టరీల వరసలో చివరిది మెకానిక్ కేశవులు షెడ్డు. అక్కడ బానెట్ ఎత్తి ఉన్న రెండు తలుపుల సిమ్కా కారు సన్నగా వణుకుతూ, ఎక్కడా తడబడకుండా ఆడుతోంది. రెండేళ్ళపాటు టార్పాలిన్ కింద కదలకుండా పడున్న బండి అది. టాంకులో పెట్రోలు జిగురైపోయింది. కార్బురేటర్ రంధ్రాలన్నీ పూడుకుపోయాయి. బ్రేకులు తుప్పుపట్టి చక్రాలను కరుచుకుపోయాయి. ఆ మోడల్ సామాను మద్రాసులో కూడా దొరకదు. అయితే ఆ ఇంజను మన పాత ఫియట్ ఇంజనుకు దగ్గర చుట్టమని కేశవులుకు తెలుసు. ఫియట్ పాయింట్లు తెచ్చాడు, ఫియట్ పంపు తెచ్చాడు. కొన్ని పెట్టగానే కూర్చున్నాయి. కొన్నింటిని ఆకురాయితో రాచి కూర్చోబెట్టాడు. అట్లా నెల పైన పట్టింది.

"ఎట్లుండాదమ్మా?" అన్నాడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"బాగుందండి," అంది నాగకుమారి. కాసేపు వింది. "కానీ ఇది కాదండి."

"ఏంది కాదు?"

"చప్పుడు. మావారు నడిపినప్పుడు ఇలా ఉండేది కాదు."

కేశవులు కొంచెం నొచ్చుకున్నాడు. "సత్తం బానే ఉండాదే అమ్మా. నాలుగు సిలిండర్లూ పలకతా ఉండాయి."

సత్తమంటే చప్పుడని ఆమెకు ఈ ఊరొచ్చిన కొత్తలో తెలియదు. ఇప్పుడు తెలుసు. అయినా ఆ పెద్దాయనకు ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆమెది యానాం. పెళ్ళైన మరుసటి ఏడు భర్త బుల్లిరాజుకు ప్రజాపనుల శాఖలో ఓవర్సీరు ఉద్యోగం వస్తే ఇద్దరూ పుదుచ్చేరి వచ్చి ఒర్లియంపేటలో ఇల్లు తీసుకున్నారు. ఆమె ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది. పిల్లలు లేరు. బుల్లిరాజుకు ఉన్న పిచ్చి ఒక్కటే, వేగం. ఫ్రాన్సుకు సామాన్లు సర్దుకుంటున్న ఒక కుటుంబం దగ్గర ఈ కారు కొన్నాడు. అప్పటికే అది పాతది. ఏటా మద్రాసు దగ్గర షోళవరంలో జరిగే కారు పందేలకు తీసుకెళ్ళేవాడు. ఒకసారి మూడోవాడిగా వచ్చాడు. అంతకుమించి ఏమీ గెలవలేదు, గెలవాలని పెద్దగా అనుకోనూ లేదు. ఆదివారం సాయంత్రాలు మాత్రం తప్పకుండా నాగకుమారిని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డునున్న వీరాంపట్టినం వైపు పోయేవాడు. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఇంజను మాట్లాడుతుంటే మనం మధ్యలో ఎందుకులే అనేవాడు.

డెబ్బై ఏడులో, పొద్దున ఆఫీసుకు సైకిలు మీద వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి గుండె నొప్పితో పోయాడు.

ఆయన ఫొటోలు ఇంట్లో చాలా ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. మొదటి ఏడాది కళ్ళు మూసుకుంటే వినిపించేది. తర్వాత మెల్లగా చెరిగిపోవడం మొదలైంది. ఒకరోజు ఆయన తనను పేరు పెట్టి పిలిచినట్టు ఊహించుకోబోతే ఎవరో పక్కింటాయన పిలిచినట్టు వినిపించింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. కారు చప్పుడు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. అది కూడా పోకముందే ఒక్కసారి వినాలని, టార్పాలిన్ తీయించి బండిని కేశవులు షెడ్డుకు కట్టి లాగించింది.

ఇవన్నీ ఆమె కేశవులుకు చెప్పలేదు. "ఇది కాదండి" అని మాత్రమే చెప్పింది.

రెండేళ్ళయింది, చెవి మరిచిపోయుంటుంది అనుకున్నాడు కేశవులు. అనుకున్నాడే గాని మనసు ఒప్పలేదు. మర్నాడు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ చూశాడు. మూడోది బలహీనంగా ఉంది. హెడ్డు దించితే ఒక వాల్వు అంచు కాలి, కొరికిన అప్పడంలా ఉంది. ఆయమ్మ చెవి మంచిదే అనుకున్నాడు. ఫియట్ వాల్వు తెచ్చి, కాడ తగ్గించి, పేస్టు పూసి రెండు పూటలు కూర్చుని చేత్తోనే నూరాడు. మళ్ళీ బిగించి కబురు పంపాడు.

నాగకుమారి బడి నుంచి నేరుగా వచ్చింది. భుజాన సంచీ దించకుండానే నిలబడి వింది.

"దగ్గరకొచ్చిందండి. కానీ అది ఇంకా లేదు."

"అది అంటే ఏదమ్మా? ఎట్లుంటాది? మీరు చెప్పితేనే గదా నేను ఎతికేది."

ఆమె సిగ్గుపడింది. తర్వాత చెప్పింది. "ఎప్పుడూ ఉండేది కాదు. మలుపు దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగేది. తర్వాత చిన్నగా 'హూఁ' అని ఒక్కసారి గొంతెత్తి, మళ్ళీ మెత్తగా కిందికి దిగేది. మనం ఏదైనా అడిగితే, జవాబు చెప్పేముందు మనిషి గొంతు సవరించుకోడూ, అలా."

"మలుపు దగ్గరా? నిలిపి ఉండేటప్పుడు కాదా?"

"కాదండి. నడుస్తున్నప్పుడే."

"ముందే చెప్పేది గదా తల్లీ," అన్నాడు కేశవులు. "నిలిపిపెట్టి ఇన్నాళ్ళు ఎతికినాను. ఎక్కండి, రోడ్డు మీదికి పోదాం."

కడలూరు రోడ్డులో కారు హాయిగా పరుగెత్తింది. కేశవులుకే ఉత్సాహం వచ్చింది. ఇంత పాత బండిలో ఇంత చురుకు ఉంటుందని అతను అనుకోలేదు. అరియాంకుప్పం వంతెన దాటాక మలుపు వచ్చింది. వేగం తగ్గించి, స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీని నాలుగు నుంచి మూడుకు లాగాడు. లోపల కర్రుమని పళ్ళు నూరినట్టు పెద్ద శబ్దం. నాగకుమారి ఉలిక్కిపడింది.

"ఇలా ఒక్కనాడూ అనలేదండి."

తిరిగి వచ్చేటప్పుడు మరి రెండుసార్లు అదే జరిగింది. కేశవులు ఆమెను ఇంటి దగ్గర దింపి, బండిని షెడ్డుకు తెచ్చి గేరుబాక్సు విప్పాడు.

గేరు మారేటప్పుడు రెండు పళ్ళ చక్రాల వేగాన్ని కలిపేది లోపలుండే ఇత్తడి రింగు. మూడో గేరు రింగు పాత గాజులా నున్నగా అరిగిపోయి ఉంది. దానికి పట్టు అనేదే లేదు. శబ్దం ఎందుకొచ్చిందో తెలిసింది. కానీ గేరు చక్రాన్ని కిరసనాయిల్లో కడిగి వెలుతురులో పెట్టి చూసిన కేశవులు దాన్ని తుడిచి మరోసారి చూశాడు. దాని పళ్ళు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. ఈరోజు తాను నూరిన మూడు గీతలు తప్ప ఎక్కడా ఒక్క పెచ్చు ఊడలేదు.

పక్క షెడ్డులో లేతు పనిచేసే మారిముత్తును పిలిచి చూపించాడు. మారిముత్తు రింగును వేలికి తగిలించుకుని తిప్పి చూశాడు. "ఇది పోయి ఏడెనిమిదేళ్ళయి ఉంటుందన్నా," అన్నాడు తమిళంలో. "రింగు లేకుండా అన్నేళ్ళు నడిపితే పళ్ళు పిండి కావాలి. ఎట్లా మిగిలినాయి?"

కేశవులు స్టూలు మీద కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు అతను లారీలు నడిపాడు. ఆ లారీల్లో ఇత్తడి రింగులు లేవు. గేరు దించాలంటే క్లచ్చు తొక్కి, గేరు తీసి, క్లచ్చు వదిలి, ఉత్తినే ఒక్కసారి యాక్సిలేటరు తట్టి ఇంజను వేగం పెంచి, మళ్ళీ క్లచ్చు తొక్కి కింది గేరు వెయ్యాలి. ఆ తట్టేది సరిగ్గా కొలిచినట్టు తట్టితే చక్రాలు రెండూ ఒక వేగానికొచ్చి గేరు వెన్నలా పడుతుంది. ఒక్క వెంట్రుక ఎక్కువైనా తక్కువైనా పళ్ళు అరుస్తాయి.

రింగు పోయాక కూడా అన్నేళ్ళూ ఒక్కసారీ తప్పకుండా అలా తట్టిన ఆ చూడని మనిషి మీద కేశవులుకు ఎంతో గౌరవం కలిగింది. ఒక్కసారి మాట్లాడి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు సాయంత్రం ఒర్లియంపేట వెళ్ళాడు. నాగకుమారి వరండాలో కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"సత్తం యాడుండాదో తెలిసిందమ్మా. ఇంజన్లో లేదు. మీ ఆయన కాల్లో ఉండాది."

గేరు దించేముందు ఆయన యాక్సిలేటరు తట్టేదే ఆ 'హూఁ' అని అంతా విడమరిచి చెప్పాడు. ఆమె చివరిదాకా వింది. వరండా స్తంభం పట్టుకుని వీధిలోకి చూసింది.

"అంటే ఇంక రాదన్నమాట," అంది.

"మారిముత్తు ఇత్తడిలో కొత్త రింగు చేసిస్తాడు. అది ఏస్తే ఎవురు నడిపినా గేరు మెత్తగా పడతాది. అట్ల కాలితో తట్టే పనే ఉండదు."

"వద్దండి. రింగు మార్చకండి."

"చెడిపోయిందని తెలిసి మూసిపెట్టేది నాకు చేతకాదమ్మా," అన్నాడు కేశవులు. అతనికి నిజంగానే కష్టంగా ఉంది. "రేపు ఆ పళ్ళు పోతే యాడా దొరకవు. ఆపైన బండే లేదు."

"ఆయనకూ తెలిసే ఉంటుంది కదండీ రింగు పోయిందని. ఆయన మార్చలేదు." అతని వైపు తిరిగింది. "మీకు వచ్చా అది?"

కేశవులు పాత రింగుతోనే గేరుబాక్సు బిగించాడు. ఆదివారం ఇద్దరూ మళ్ళీ బయలుదేరారు. అదే మలుపు. కేశవులు లారీ రోజులు గుర్తుచేసుకుని, పాత అలవాటు కాలికి తెచ్చుకుని, క్లచ్చు వదిలి ఒక్క తట్టు తట్టాడు. బండి ఊపిరి బిగబట్టి, హూఁ అని, మెత్తగా మూడులోకి దిగింది.

నాగకుమారి చెయ్యి తనకు తెలియకుండానే సీటు అంచు పట్టుకుంది. "అదే," అంది. ఇంకో మలుపులో మళ్ళీ చేశాడు. మూడోసారి ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది.

"ఏమమ్మా, సరిలేదా?"

"సరిగ్గానే ఉందండి. అచ్చం అదే. కానీ ఎవరో ఆయన చొక్కా తొడుక్కొని ఇంట్లోకి వచ్చినట్టుంది."

కేశవులు తర్వాతి మలుపును బ్రేకుతోనే దాటాడు. ఇల్లు చేరాక ఆమె దిగలేదు.

"నాకు నేర్పుతారా?" అని అడిగింది.

నలభై నాలుగేళ్ళ వయసు, ఇంతవరకూ సైకిలు కూడా తొక్కలేదు. ఫ్రెంచి బండి కాబట్టి స్టీరింగు ఎడమ వైపు, ముందున్న బండిని దాటబోతే ఎదురొచ్చే బస్సు కనపడదు. మొదటి వారాల్లో బండి కప్పలా గెంతేది, ఆగిపోయేది. తట్టాంచావడి ఖాళీ స్థలాల్లో లారీవాళ్ళు నిలబడి చూసేవారు. ఆమె వాళ్ళను చూడలేదు. స్టీరింగు పట్టడం, బ్రేకు వెయ్యడం వచ్చాక గేరు దించడం మొదలుపెట్టారు. కర్రుమన్నప్పుడల్లా కేశవులు తన పన్ను పీకినట్టు మొహం పెట్టేవాడు.

"చెవితో వినద్దమ్మా. వినేలోపల పొద్దుపోతాది. కాలు ముందే పోవల్ల."

"ముందే ఎలా తెలుస్తుందండీ కాలికి?"

"తెలస్తాది. తెలిసేదాకా తెలీదు."

ఒకరోజు ఆమె బండి పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. కేశవులు దిగి, టైర్లలో గాలి చూస్తున్నట్టు బండి చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. కాసేపటికి లోపలి నుంచి సెల్ఫు తిరిగిన శబ్దం వినిపిస్తే వచ్చి కూర్చున్నాడు.

వీరాంపట్టినంలో తమిళుల ఆడి నెల జాతర ముగిసిన వారం. దారి పొడుగునా పందిళ్ళు విప్పుతున్నారు. నాగకుమారి నడుపుతోంది. వేగంగా కాదు గాని నిలకడగా. రోడ్డుకు సగం దాకా వలలు ఆరబెట్టి ఉన్నాయి. ఒక ముసలామె వాటి మధ్య నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని దాటుతోంది. నాగకుమారి ఆ ముసలామెను చూస్తూ, మనసంతా అక్కడే ఉంచి, వేగం తగ్గించి గేరు దించింది.

హూఁ అంది బండి. మెత్తగా దిగింది.

కేశవులు తలెత్తి విన్నాడు. తను తట్టినట్టు లేదు అది. ఇంకా నెమ్మదిగా, ఇంకా నిండుగా ఉంది. పదేళ్ళు పక్కన కూర్చున్న శరీరం ఆ కొలతను ఎక్కడో దాచుకుని ఉంటుంది. మెచ్చుకోవాలని ఆమె వైపు తిరిగి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

ఆమె ఆపలేదు. ముసలామె దాటాక ముందుకు పోనిచ్చింది. మరో మలుపు, మళ్ళీ అదే చప్పుడు. చప్పుడు వచ్చింది. ఆయన రాలేదు. అది ఆమెకు ముందునుంచీ తెలుసు. తెలిసినా ఇన్ని నెలలూ ఏదో ఒక మూల ఎదురుచూస్తూనే ఉంది.

ఇళ్ళు దాటాక దారి తీరం వెంబడి దక్షిణానికి తిరిగింది. ఎడమ పక్కన సముద్రం మొదలైంది. నాగకుమారి బండిని బాగా నెమ్మది చేసి, తన కిటికీ అద్దం పూర్తిగా దించింది. ఉప్పుగాలి లోపలికొచ్చింది.

"ఎన్నేళ్ళొచ్చామో ఈ దారిన," అంది. "ఎప్పుడూ ఆయన మీదుగానే చూసేదాన్నండి సముద్రాన్ని. ముక్కూ, గడ్డమూ, వాటెనకాల నీళ్ళు. కాస్త వెనక్కి జరగండీ, కనపడ్డం లేదు అని విసుక్కునేదాన్ని కూడాను."

ఆమె కళ్ళు తుడుచుకోకుండా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచుకుంది.

"వెనక్కి తిరుక్కుందామా అమ్మా?" అన్నాడు కేశవులు. "పొద్దుపోతా ఉండాది."

"ఇంకొంచెం దూరం పోదామండి," అంది నాగకుమారి.