పెన్ను ఆగిన చోట

మా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టేది నేను. పద్నాలుగేళ్లుగా అదే పని. కుట్టు ఊడితే కుడతాను, జిగురు పూస్తాను, బరువు కింద పెడతాను, ఆరాక వీపు మీద పేరు రాస్తాను. లోపల ఏముందో నాకు అనవసరం. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది, ఆ మనిషి నేనే అయ్యాను. అందుకే పుస్తకాలతో నా పరిచయం వాటి వీపుల వరకే. దస్తూరి మాత్రం ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. కాదనడానికి నేనెవర్ని?

మూడేళ్ల క్రితం మా దగ్గర సమాన అవకాశాల విభాగం అని ఒకటి పెట్టారు. దానికి మెట్ల కింద ఒక గది ఇచ్చారు, ఒక బల్ల ఇచ్చారు, ఒక మేడమ్‌ని ఇచ్చారు. ఆ మేడమ్ కాలు ఒకచోట నిలవదు. వచ్చిన వారంలోనే ‘ఇక్కడ అందరికీ చోటుంది’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి తలుపుకు తగిలించింది. ఆ గదిలో ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషి గుమ్మంలో నిలబడాలి. ఆ బోర్డు రాసింది నేనే కాబట్టి ఆవిడ కళ్లు నా దస్తూరి మీద పడ్డాయి.

“మీరు ఒకమ్మాయికి పరీక్ష రాసిపెట్టగలరా?” అని అడిగింది.

“నా పరీక్షలే నేను పూర్తిగా రాయలేదు మేడమ్.”

“అలాంటివాళ్లే కదా మాకు కావాల్సింది!” అంటూ నా చేతులు పట్టుకుని ఊపేసింది.

సంగతేమిటంటే, అర్థశాస్త్రం బి.ఏ.లో చూపు లేని అమ్మాయి ఒకతె చేరింది. ఆమె చెబుతుంటే జవాబులు రాసే మనిషి కావాలి. నిబంధన ఒక్కటే. రాసే మనిషికి ఆ సబ్జెక్టు తెలియకూడదు. తెలిస్తే ఎక్కడ సాయం చేసేస్తారోనని భయం. అంటే ఏమీ తెలియని మనిషి కోసం విశ్వవిద్యాలయమంతా గాలించి నా దగ్గరికి వచ్చారన్నమాట. కోపం తెచ్చుకోవాలో గర్వపడాలో నాకు తేలలేదు. నాలో ఒక అర్హత ఉందని ఎవరైనా అనడం అదే మొదటిసారి కాబట్టి సరేనన్నాను.

ఆ పిల్ల నోరు కాస్త పదునే. చెవులు అంతకంటే పదును. “అక్కా, మీ దగ్గర జిగురు వాసన వస్తోంది, బాగుంది” అని మొదటి రోజే అంది. వసతిగృహంలో గోల ఎక్కువని, పాఠాలు పైకి అప్పజెప్పుకోవడానికి రోజూ మా బైండింగ్ గదికే వచ్చేది. నా చేతులు కుట్టుపనిలో ఉండేవి, చెవులు మాత్రం ఖాళీ. చెవులకు తలుపులుండవు కదా, నేనేం చేయను? డిమాండ్, సప్లై, ద్రవ్యోల్బణం అన్నీ ఒక్కొక్కటే వచ్చి బుర్రలో తిష్ట వేశాయి.

ఒకనాడు ఇంట్లో కూరగాయలు తరుగుతూ అత్తయ్యకు అవకాశ వ్యయం గురించి చెప్పాను. “ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు ఉతికాననుకోండి, ఆ పూట నిద్ర పోయినట్టే కదా. ఆ పోయిన నిద్రే ఉతుకుడికి అసలు ఖర్చు అన్నమాట.”

అత్తయ్య కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. “దానికి పేరు కూడా పెట్టారా? మేము దాన్ని సంసారం అనేవాళ్లం.”

ఇలా మూడేళ్లు గడిచాయి. ఆఖరి పరీక్షలు వచ్చాయి. ఇంకొక్క పేపరు మిగిలి ఉండగా నా కొంప మునిగింది.

ఆ రోజు హాల్లో కాపలా ఉన్న సారు మమ్మల్నే కన్నార్పకుండా చూశాడట. పిల్ల ఏదైనా తప్పు చెప్పిన ప్రతిసారీ నా పెన్ను ఆగిందట. ఆగగానే ఆమె “కాదు కాదు, అది కొట్టేయండి” అని సరిచేసుకుందట. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయన వెళ్లి పరీక్షల అధికారి చెవిన వేశాడు. నేను నోరు విప్పలేదు. కనుసైగ చేయలేదు. చేసినా ఆమెకు కనబడదు! కానీ పెన్ను ఆగిందన్న మాట నిజమేనేమోనని నాకూ అనుమానం వచ్చింది.

“ఆగుతుంది అక్కా. ఈ ఏడాది నుంచి. నాకు వినబడుతుంది” అంది పిల్ల.

“ముందే చెప్పి చావొచ్చుగా?”

“చెబితే మీరు ఆపడం మానేస్తారుగా” అని నవ్వింది. వెంటనే నవ్వు తగ్గిపోయింది. “తప్పే అక్కా. తప్పని తెలిసే ఊరుకున్నాను.”

ఆమెకు ఎం.ఏ.లో సీటు ఖాయమైంది. ఎల్లుండి ఆఖరి పేపరు రాస్తేనే ఆ సీటు దక్కుతుంది. రాయకపోతే ఆరు నెలలు ఆగాలి, ఆలోపు సీటు పోతుంది. పరీక్షల అధికారి మర్నాడు నన్ను పిలిచి పరీక్షిస్తానన్నాడు. నాకు సబ్జెక్టు తెలియదని తేలితే నేనే రాయొచ్చు. తెలుసని తేలితే ఆమెకు రాసే మనిషి ఉండదు.

“ఏది అడిగినా తెలీదనండి, అంతే” అని మేడమ్ నాకు పదిసార్లు నూరిపోసింది. అదేమంత బ్రహ్మవిద్య కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.

పరీక్షల అధికారిని అందరూ ఎర్రసిరా సారు అంటారు. జేబులో ఎప్పుడూ మూడు ఎర్ర పెన్నులు ఉంటాయి. ఆయన గదిలో నేనూ, పిల్లా, మేడమ్ వరసగా కూర్చున్నాం. అర్థశాస్త్రం వాళ్లు పది వాక్యాలు రాసి పంపారు, జవాబులు వేరే కవర్లో అంటించి ఉన్నాయి. ఏ వాక్యం ఒప్పో, ఏది తప్పో నేను చెప్పాలి.

“డిమాండ్ పెరిగితే ధర పడిపోతుంది. ఒప్పా, తప్పా?”

“తెలీదండీ.”

“తినేకొద్దీ తర్వాతి ముద్ద రుచి తగ్గుతుంది. ఒప్పా, తప్పా?”

“తెలీదండీ.” ముగ్గురు పిల్లలకు అన్నం పెట్టిన మనిషిని! అది అనేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

అలా ఆరో వాక్యందాకా లాక్కొచ్చాను. తెలియనప్పుడు తెలీదనడం ఎంత హాయో, తెలిసి అనడం అంత నరకం. ఒక్కో తెలీదుకీ నేనే కుట్టిన పుస్తకాన్ని నేనే పేజీ పేజీ చింపుతున్నట్టుంది. పిల్ల మాత్రం బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏడోది చదివాడు. “అవకాశ వ్యయం అంటే ఒక అవకాశం కోసం మనం పెట్టిన ఖర్చు.” కళ్లజోడు పైకి తోసుకుని తనలో తాను, “ఇది ఒప్పే కదా, ఇంత తేలికది ఎందుకిచ్చారో” అన్నాడు.

“కాదండీ!” అన్నాను.

అక్కడైనా ఆగాలి కదా. నా నోరు ఆగలేదు. “పెట్టిన ఖర్చు కాదండీ, వదులుకున్నది. ఒకటి ఎంచుకున్నప్పుడు, దానికోసం వదిలేసినవాటిలో అన్నిటికంటే మంచిది ఏదో, దాని విలువ. నేను ఎనిమిదిలో బడి మానేసి ఇల్లు చూసుకున్నాను. అందుకు మా ఇంట్లో పెట్టిన ఖర్చు ఏమీ లేదు. కానీ వ్యయం లేదంటారా?”

మేడమ్ నుదురు కొట్టుకుంది. నేను పిల్ల వైపు చూడలేకపోయాను. మూడేళ్లు ఆమె కోసం రాసి, ఒక్క నిమిషంలో నా కోసం మాట్లాడాను. సిగ్గేసింది. అబద్ధమెందుకు, ఆ సిగ్గు పక్కనే కాస్త సంతోషం కూడా వేసింది.

ఎర్రసిరా సారు కవరు చింపి చూశాడు. “తప్పు అనే ఉంది” అని గొణిగాడు. తర్వాత ఒక కాగితం తీసి, రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి నా చేతికిచ్చాడు. ‘ఈమెకు అర్థశాస్త్రం బాగా తెలుసునని నా పరీక్షలో తేలినందున, ఈమెను రాసే పని నుంచి తప్పించడమైనది.’

“సాయంత్రంలోపు సబ్జెక్టు తెలియని ఇంకో మనిషిని తెచ్చుకోండి” అన్నాడు.

“ఎక్కడ దొరుకుతారు సార్? అందరూ పరీక్షల పనుల్లో ఉన్నారు” అని మేడమ్ లబలబలాడింది.

పిల్ల మెల్లగా అడిగింది. “సార్, ఇందాక మీరు అది ఒప్పే అన్నారు కదా. నిజంగా అలాగే అనుకున్నారా?”

“నాదేమిటమ్మా, నాది వృక్షశాస్త్రం. ఆకులు, వేర్లు తప్ప నాకు ఈ గొడవ ఒక్క ముక్క రాదు.”

“ఒక్క ముక్క కూడానా?”

“ఒక్క ముక్క కూడా.”

మేడమ్ లేచి నిలబడింది. నిబంధనల పుస్తకం తెరిచి, రాసే మనిషికి సబ్జెక్టు తెలియకూడదన్న ఆ ఒక్క వాక్యాన్నీ గట్టిగా చదివింది. ఆ పుస్తకం అచ్చు వేయించింది ఎర్రసిరా సారే. పాపం, ఆయన మేడమ్ దగ్గర ఒక నీలం పెన్ను అడిగి తీసుకున్నాడు.

ఆఖరి పేపరు రోజున నేను వరండాలో బెంచీ మీద కూర్చుని మూడు గంటలు గోళ్లు కొరుక్కున్నాను. తలుపు తెరుచుకుంది. ముందు ఎర్రసిరా సారు వచ్చాడు, కుడి చేతిని ఎడమ చేత్తో మోసుకుంటూ. “ఎంత వేగంగా చెబుతుందమ్మా!” అని నా పక్కనే కూలబడ్డాడు. గొంతు తగ్గించి, “ఆ పేదరికం కొలిచే పద్ధతి ఉంది చూశారూ, అది అసలు...” అని మొదలుపెట్టాడు.

“తెలుసుకోకండి సార్. అర్హత పోతుంది” అన్నాను.

వెనకాలే పిల్ల వచ్చి నా భుజం తడుముకుంటూ పట్టుకుంది. “అక్కా, ఆయన పెన్ను ఎక్కడా ఆగలేదు. మూడు గంటలూ ఒకటే చప్పుడు. ఒప్పో తప్పో చెప్పేవాళ్లే లేరు. చచ్చేంత భయమేసింది. కానీ ఈసారి ఎన్నొచ్చినా అన్నీ నావే.” నా కళ్లు చెమర్చాయి. ఆమెకు చూపు లేకపోవడం ఆ ఒక్కసారికి కలిసొచ్చిందనుకున్నాను. “ఏడవకండి, ముక్కు చప్పుడు వినబడుతోంది” అంది.

నెల తర్వాత, చదువు మధ్యలో ఆపేసిన పెద్దవాళ్లను కూడా బి.ఏ.లో చేర్చుకుంటామని మేడమ్ కొత్త పథకం తెచ్చింది. ముందుగా దరఖాస్తు నా బల్ల మీదే పెట్టింది. చేరాలనుకునే సబ్జెక్టు గురించి తమకు తెలుసుననడానికి ఏదైనా రుజువు జత చేయాలట. నేను ఎర్రసిరా సారు ఇచ్చిన కాగితం తీశాను. దానికి చక్కగా నీలం గుడ్డతో అట్ట కట్టాను. ఒక్క కాగితానికి అట్ట కట్టడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

దరఖాస్తులు పరిశీలించేది కూడా ఆయనే. అట్ట తెరిచి చూసి, “ఇది మిమ్మల్ని తీసేస్తూ రాసిన కాగితం కదా?” అన్నాడు.

“అవునండీ. ఎందుకు తీసేశారో కూడా అందులోనే రాశారు.”

ఆయన మళ్లీ చదువుకున్నాడు. తన సంతకం, తన ముద్ర చూసుకున్నాడు. ఎర్ర పెన్ను తీసి, దరఖాస్తు కింద ‘రుజువు చెల్లదు’ అని మొదలుపెట్టాడు. రెండో మాట మధ్యలో పెన్ను ఆగింది. నేను కిక్కురుమనలేదు.

ఆయన ఆ రెండు మాటలూ కొట్టేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చివరిదాకా పెన్ను ఆగలేదు.