పాతది ఎనిమిది సెకన్లు, కొత్తది పదమూడు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నేను ఇరవై రెండేళ్లుగా అటెండర్ని. పేరు జగన్నాధం. నాకు కోపం ఎక్కువని శ్రీకాకుళంలో సగం మందికి తెలుసు. మిగతా సగం మంది మా కాలేజీలో చదవలేదు కాబట్టి బతికిపోయారు. చెప్పులతో ల్యాబులోకి వస్తే కోపం, కీబోర్డు మీద సమోసా తింటే కోపం, మానిటర్ మీద వేలు పెట్టి చూపిస్తే మరీ కోపం. అయితే ఈ జూలైలో నా రక్తం మరిగించినవాడు పిల్లల్లో ఎవడూ కాదు, మా ప్రిన్సిపాల్ భాస్కర్ గారు.

సోమవారం ల్యాబులోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా పన్నెండు కంప్యూటర్లనీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"ఏటయ్యా ఇవి, మ్యూజియమా?"

ముసలివే, కాదనను. అయినా పన్నెండుకి పన్నెండూ నడుస్తున్నాయి. వేడెక్కిపోతున్నాయని వాటి డబ్బాల పక్క తలుపులు విప్పేసి, ఎదురుగా రెండు స్టాండు ఫ్యాన్లు పెట్టి, వేసవిలో కూడా ఒక్కటి ఆగకుండా చూసుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు పొద్దున్న ఎనిమిదింటికే వచ్చి వాటి ముందు కూర్చుంటారు. వాటిని పట్టుకుని మ్యూజియం అంటే ఒళ్లు మండదా?

"శనివారం రాముడు ట్రాలీ ఆటో తెస్తాడు. ఇవన్నీ పాతసామాన్లకి ఎత్తించీ. వీటి బదులు కొత్తవి ఎనిమిదొస్తాయి. శాంపిల్‌గా ఒకటి దిగింది, సూసుకో," అన్నారు.

పన్నెండు పోయి ఎనిమిదా? మిగతా పిల్లలు ఎక్కడ కూర్చోవాలి, నా నెత్తి మీదా? మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను. ఆ రోజు అన్నం కూడా సహించలేదు.

కాకపోతే మేనేజ్‌మెంటుకు కాగితం కావాలట. కొత్త ప్రాసెసర్ ఎంత వేగమో, పాతది ఎంత వేగమో పరీక్ష పెట్టి రాసి ఇవ్వమని ఆ పని దీవెనకు అప్పగించారు. దీవెన కళింగపట్నం పిల్ల. మా ల్యాబులోనే డిగ్రీ చదివి, ఎంసీఏ చేసి, నిరుడు లెక్చరర్‌గా తిరిగొచ్చింది. పదిమందిలో నేను మేడం అంటాను, ఎవరూ లేకపోతే అమ్మా అంటాను. తనకు మాత్రం ఎక్కడైనా నేను బాబాయినే. పనిలో పనిగా ఆ లెక్కలనే శుక్రవారం విజయనగరంలో జరిగే సెమినార్లో చదువుతానంది. పెద్దల ముందు నిలబడటం ఆ పిల్లకు అదే మొదటిసారి.

ఇక్కడ మా ల్యాబు ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త వస్తువు గుమ్మం దాటి వస్తే దానికి రెండు జరగాలి: పసుపు బొట్టు, గుడ్డ గలీబు. సముద్రపు గాలి మా ఊరిదాకా వస్తుంది, ఇనుముకి నాలుగు నెలల్లో తుప్పు పట్టిస్తుంది. శాంపిల్ కంప్యూటర్ నాకు శత్రువే, అయినా ఇంటికొచ్చినదాన్ని ఊరికే వదిలేస్తామా? మా ఆవిడ పార్వతి కుట్టుపనిలో గట్టిది. కొలతలు ఇస్తే రాత్రికి రాత్రి మెరూన్ రంగు మఖ్మల్ గుడ్డతో గలీబు కుట్టేసింది. బటన్‌కి ఒక కన్నం, వైర్లకి వెనకాల ఒక చీలిక. నడుస్తున్నప్పుడు కూడా విప్పక్కర్లేదు. తొడిగి చూస్తే పెళ్లికూతురులా ఉంది. దీవెన కూడా "పిన్ని సేతిలో ఏటున్నాదో గానీ బాబాయ్!" అని మెచ్చుకుంది.

మంగళవారం పరీక్ష మొదలైంది. ఒకటే లెక్క: ఒకటి నుంచి కొన్ని కోట్ల దాకా ప్రధాన సంఖ్యలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. దాన్నే సి భాషలో ఒకసారి, జావాలో ఒకసారి, పైథాన్‌లో ఒకసారి రాసింది. పాత మెషీన్ మీద మూడూ, కొత్త మెషీన్ మీద మూడూ. ఒక్కొక్కటి పదకొండు సార్లు.

"పదకొండెందుకమ్మా, పది సాలదా?"

"మొదటిసారిది లెక్కలోకి తీసుకోం బాబాయ్. మెషీన్ ఇంకా పన్లో పడదు కదా, ఆ టైము నమ్మకూడదు. పరీక్షలు సేసేవోళ్లు చాలామంది అలాగే తీసేస్తారు."

చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని తలూపాను.

బుధవారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. సి ప్రోగ్రాం నా పాత మెషీన్ మీద ఎనిమిది సెకన్లు. కొత్తదాని మీద పదమూడు! జావాలో, పైథాన్‌లో కూడా నా ముసలిదే ముందు. దీవెన కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అంకెలు మారలేదు.

భాస్కర్ గారు కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కొత్తదాని కన్నా ముసల్దే నయమా? అయితే ఈ కొత్తవి మనకెందుకు? శాంపిల్ తిరిగి పంపించీ జగన్నాధం. రాముణ్ణి రావద్దని సెప్పీ."

ఓలమ్మో, ఆ పూట నా ఆనందం చూడాలి! మైసూరుపాకం కొని స్టాఫ్ రూములో అందరికీ పంచాను. చెప్పులతో ల్యాబులోకి వచ్చిన ఇద్దరిని కూడా ఏమీ అనలేదు. నాకు ఒంట్లో బాగాలేదేమోనని పిల్లలు భయపడ్డారట.

గురువారం పొద్దున్న దీవెన సెమినార్ కోసం చివరిసారిగా పైథాన్ ప్రోగ్రాం ఇంకా తిరిగి పంపని కొత్త మెషీన్ మీద నడిపించి క్లాసుకి వెళ్లింది. గలీబు మీద సుద్దపొడి పడిందని దులపబోయి చెయ్యి వేశాను.

అమ్మబాబోయ్! కాలిన అట్లకాడ ముట్టుకున్నట్టు చురుక్కుమంది.

లోపల ఫ్యాను గింగిరాలు తిరుగుతోంది, పాపం, గాలి మాత్రం ఎటూ కదలడం లేదు. ఎటు కదులుతుంది? నాలుగువైపులా మఖ్మల్ కట్టాం కదా. ఇరవై రెండేళ్లుగా ఈ వేడితోనే నా కాపురం. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుందని, కాలిపోకుండా కాపాడుకోడానికి అలా చేస్తుందని నాకు తెలియనిది కాదు. ముసలివాటి తలుపులు విప్పి ఫ్యాన్లు పెట్టింది ఎవరు? నేనే. కొత్తదానికి దుప్పటి కప్పి పరుగెత్తమన్నది ఎవరు? అదీ నేనే.

మెషీన్ ఆపి, గలీబు విప్పి, ఒక ఫ్యాను అటు తిప్పాను. అరగంట చల్లారనిచ్చాను. తర్వాత దీవెన రోజూ నొక్కగా చూసిన ఆ రెండు మీటలూ నొక్కి సి ప్రోగ్రాం నడిపించాను. మూడు సెకన్లు. మళ్లీ నొక్కాను. మూడే.

ల్యాబులో నేనొక్కడినే ఉన్నాను. గలీబు తిరిగి తొడిగేస్తే ఈ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు. నా పన్నెండూ నాకుంటాయి. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు పెద్దలు. ఊరుకుందామనే అనుకున్నాను, దాపరికం ఎందుకు? గలీబు చేతిలో పట్టుకుని టీ తాగుదామని బయటికి వచ్చాను.

వరండా చివర ఖాళీ క్లాసులో దీవెన ఒక్కతే నిలబడి, బెంచీలకు ఉపన్యాసం ఇస్తోంది. "మా పరీక్షలో పాత ప్రాసెసరే వేగవంతమైనదని రుజువైంది," అని ఒకసారి గట్టిగా, ఒకసారి నెమ్మదిగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి. రేపు ఆ మాట అంటే నిలబెట్టి నవ్వరూ? ఈ ల్యాబులో మౌసు పట్టుకోవడం నేర్పింది నేనే ఆ పిల్లకి. నా మెషీన్ల కోసం ఆ పిల్లని నవ్వులపాలు చేస్తానా? థూ, నా బతుకు.

"అమ్మా, ఆపీ," అంటూ లోపలికి వెళ్లాను. "ఆ లెక్క తప్పు. తప్పు నీది కాదు, నాది."

చెప్పేశాను. గలీబు చూపించాను. దీవెన ల్యాబుకి పరుగెత్తి, పాత ఫైళ్లు తెరిచి, పక్కన పారేసిన మొదటిసారి టైము చూసింది. మూడు సెకన్లు. మెషీన్ ఇంకా చల్లగా ఉన్నప్పటిది. పదకొండింట్లో అదొక్కటే నిజం, దాన్నే తీసేసింది.

తల పట్టుకుని కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పకపకా నవ్వింది.

"రేపు నా పరువు గోదాట్లో కలిసిపోయేది బాబాయ్!" అంది. అంతలోనే నవ్వు ఆపేసింది. "ఇప్పుడు నిజం రాస్తే నీ మెషీన్లు ఎల్లిపోతాయి కదా?"

"ఎల్తే ఎల్లనీ. నువ్వు మొదలెట్టు, టైము నేదు."

సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని గలీబు లేకుండా అన్నీ మళ్లీ నడిపించాం. కొత్తది అన్నిట్లోనూ గెలిచింది. దీవెన వెళ్లాక స్టోరు గదిలో నేను కాసేపు ఏడ్చాను. ఎవరైనా చూసి ఉంటే వాళ్ల సంగతి చూసేవాణ్ణి.

శనివారం ట్రాలీ ఆటో గేటు ముందు ఆగింది. సంగతి తెలిసి భాస్కర్ గారే రాముణ్ణి మళ్లీ రమ్మన్నారు. ల్యాబులోనే నిలబడి కొత్త కాగితం చూశారు.

"అయితే కొత్తదే స్పీడు. అయిపోనాది. రాముడూ, ఎత్తు."

"ఒక్క నిమిషం సార్," అంది దీవెన. నిన్న విజయనగరంలో గంటసేపు మాట్లాడి వచ్చిన ధైర్యం గొంతులో ఉంది. "ఈ పట్టికని అడ్డంగా కాదు, ఐమూలగా సూడండి. పాత మెషీన్ మీద సి ఎనిమిది సెకన్లు. కొత్త మెషీన్ మీద పైథాన్ రెండున్నర నిమిషాలు. నిన్న అక్కడ అందరూ ఈ రెండు గడుల గురించే అడిగారు. ప్రాసెసర్ మారిస్తే రెండు మూడు రెట్లు వస్తాది సార్. ఇలాంటి లెక్కల్లో భాష మారిస్తే యాభై రెట్లు. ఫస్టియర్‌కి మనం నేర్పేది సి. దానికి ఈ పన్నెండూ సాలు, ఇంకా మిగులుతాది. కొత్త ఎనిమిదీ పక్కగదిలో పెట్టి పెద్ద క్లాసులకి ఇద్దాం."

భాస్కర్ గారు కాగితం ఐమూలగా చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే నీ మెషీన్లు నీకుండేవి కదయ్యా. ఎందుకు సెప్పినావు?"

"ఆ గుంట పదిమందిలో నిలబడి తప్పు లెక్క సదవకూడదు సార్," అన్నాను. మేడం అనాలని కూడా తోచలేదు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, "రాముడూ, ఎత్తకు. ఎల్లిపో," అన్నారు.

"మరి నా పెట్రోలెవులిస్తారు బాబూ?" అని రాముడు లబలబలాడాడు. వాణ్ణి కౌగిలించుకుని, టీ తాగుదువుగాని రారా అన్నాను.

మేము ఇంకా గుమ్మంలో ఉండగానే లోపల్నుంచి ఫస్టియర్ పిల్ల ఒకతి గొంతెత్తింది. "మావయ్యా, నా కంప్యూటర్ మళ్లీ ఆగిపోనాది!"

మామూలు రోజైతే తిట్టేవాణ్ణి. ఆ రోజు ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేను.

"వస్తన్నానే తల్లీ, ఏటీ ముట్టుకోకు," అని స్క్రూడ్రైవర్ తీసుకుని పరుగెత్తాను.