పంపు రూములో ఆయన

మా హోటల్ పేరు చెప్పను. అండమాన్లో ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీలో దిగి, కూలీలను తప్పించుకుని ఎత్తు ఎక్కుతుంటే కనబడే నాలుగంతస్తుల బిల్డింగుల్లో అదొకటి. పైన కూర్చుని టూరిస్టులు సముద్రాన్ని చూస్తారు. కింద వెనకవైపు, కొండను తొలిచి కట్టిన గదిలో కూర్చుని నేను రెండు ఫైర్ పంపులను చూసుకునేవాణ్ణి. బోటు ఇంజన్లు విప్పి బిగించుకుంటూ ఇరవై ఏళ్లు గడిపినవాణ్ణి. సునామీ వచ్చిన ఐదేళ్లకు మా ఓనరుకి ఫైర్ సర్టిఫికెట్ అవసరం పడింది, నాకు ఆ ఉద్యోగం దొరికింది.

ఫైర్ పంపు దగ్గర మనిషికి ఏం పని అని అందరూ అడుగుతారు. నిజానికి పెద్ద పనేమీ లేదు. ఎక్కడైనా మంట లేచి సీలింగులో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ పగిలితే గొట్టాల్లో ప్రెషర్ పడిపోతుంది, కరెంటు పంపు దానంతటదే లేస్తుంది. కరెంటు పోతే డీజిల్ పంపు లేస్తుంది. ఆపడం మాత్రం మనిషే ఆపాలి, అదీ ఫైర్ ఆఫీసరు చెప్పాక. మిగతా రోజుల్లో నా అసలు పని, మంట ఆర్పడానికి నింపి ఉంచిన ట్యాంకుకి కాపలా. ఏప్రిల్ వచ్చిందంటే మాకు కుళాయి నీళ్లు మూడు రోజులకోసారి. అలాంటప్పుడు నిండుగా ఉన్న ట్యాంకు మీద మేనేజరు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరి కళ్లూ పడతాయి. ‘ఒక్క బకెట్, భయ్యా’ అంటూ వచ్చినవాడెవడూ నా దగ్గర మంచిమాట విని వెళ్లలేదు. పంపు గదికి కొండవైపున్న తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి.

ఎవరి మీదైనా లేచే నా నోరు సింహాచలమ్మ దగ్గర మాత్రం లేవదు. ఆమె నా భార్య. అదే హోటల్లో రెండో అంతస్తు గదులు సర్దే ఆడవాళ్లకు పెద్దగా ఉండేది. ఈ సంగతి జరిగేనాటికి మాకు పెళ్లయి ఇరవై ఆరేళ్లు. అన్నేళ్లలో ఆమె నోట నా పేరు ఒక్కసారి కూడా వినలేదు.

మా వాళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకకపోవడం వింతేమీ కాదు. ఇప్పటి పిల్లలు పలుకుతున్నారు. మా చెల్లెలి కూతురైతే మొగుణ్ణి పేరు పెట్టి పిలవడమే కాదు, ‘ఒరే’ అని కూడా అంటుంది. వాడు పళ్లికిలించుకుంటూ వస్తాడు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండేది. కుళ్లు, ఇంకేం కాదు.

మా పెళ్లినాడు గుమ్మంలో మా అక్క కాళమ్మ అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వనంది. పెళ్లికూతురు తల వంచుకుని నిలబడింది. వాన మొదలైంది. పట్టుచీర తడిసింది, పూలు తడిశాయి, పేరు మాత్రం రాలేదు. చివరికి మా అమ్మే అక్కను రెక్క పట్టుకుని పక్కకు లాగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వానుగానీ ఆ రోజు నుంచి నాకదొక ఆశగా కూర్చుంది.

ఆమె పట్టుదలకు కారణం తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న లక్ష్ముడు భీమిలి వైపు నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చి వండూర్లో వల వేసుకుని బతికినవాడు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం గాలి తిరిగింది. లక్ష్ముడి పడవ ఒడ్డుకు రాలేక అలల్లో చిక్కుకుంది. ఆమె తల్లి అసిరమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఎన్నడూ పలకని పేరు గొంతు చించుకుని పిలిచింది. పడవ తిరిగి రాలేదు.

ఇంత తెలిసీ నాకు ఆశ చావలేదు. ఓనరు కేకేసే పేరు, రేషన్ కార్డులో పేరు, టికెట్ కౌంటర్లో అరిచే పేరు, అన్నీ నావే. అయినా ఆమె ఒక్కసారి పిలిస్తే గానీ నాకు పేరు పెట్టినట్టు కాదనిపించేది. పంపు గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఆమె గొంతు పెట్టి నన్ను నేనే పిలుచుకునేవాణ్ణి. ఒకసారి వంటవాడు తాతబ్బాయి విని, “భయ్యా, ఓసారి డాక్టర్‌కి సూపించుకో,” అన్నాడు.

మూడు నెలలకోసారి హోటల్లో ఫైర్ డ్రిల్ జరిగేది. బెల్లు మోగగానే పనివాళ్లందరూ మెట్ల మీదుగా దిగి గేటు పక్క పచ్చబోర్డు కింద నిలబడాలి. సింహాచలమ్మ ఏడో క్లాసు దాకా చదివింది కాబట్టి హాజరు పిలవడం ఆమెకు అప్పగించారు. లోపల ఎవరైనా ఉండిపోయారేమో ఆ లిస్టును బట్టే తెలుస్తుంది. నిజంగా నిప్పంటుకుంటే నేను పంపు దగ్గరే ఉండాలిగానీ, డ్రిల్ కాబట్టి నేనూ వెళ్లి వరసలో నిలబడేవాణ్ణి. ఆ పది నిమిషాల కోసం ముందురోజే గడ్డం గీసుకునేవాణ్ణి.

ఆమె వరసగా పిలుచుకుంటూ వచ్చేది. పద్దెనిమిదో పేరు తాతబ్బాయిది. పంతొమ్మిదోది నాది. అక్కడికి రాగానే ఆగిపోయి నేల చూసేది. వరసలోంచి తాతబ్బాయి “గవరయ్య” అని కేకేసేవాడు. “ఉన్నాను” అనేవాణ్ణి. ఆమె టిక్కు పెట్టి ఇరవయ్యో పేరుకి వెళ్లేది. హోటలంతా అలవాటు పడిపోయింది.

ఒకసారి ఫైర్ ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు.

“దీదీ, రుక్ క్యోఁ గయీ? నామ్ బోలో,” అంటూ, ఎందుకాగావు, పేరు చెప్పమన్నాడు.

“పంపు రూములో ఆయన, సాబ్,” అంది సింహాచలమ్మ.

ఎవరో అతనికి విడమరిచి చెప్పారు. ఆఫీసరు నవ్వాడుగానీ వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచి, నిజంగా మంట లేచిన రోజున ఆ వంటవాడు లేకపోతే నీ పేరు ఎవరు పిలుస్తారని హిందీలో అడిగాడు. నాకు మంచి సాకు దొరికింది. మా ఇంటివైపు వెళ్లే బ్రూక్షాబాద్ బస్సు కోసం నిలబడినప్పుడు ఆమెను కదిపాను.

“ఆఫీసరు సెప్పినాడు గదా. ఒక్కసారి అంటే నీ నోరు అరిగిపోతాదేటి?”

“నోరు అరగదు. నీ ఆయుస్సు అరుగుతాది.”

“సర్కారీ పని, సిమ్మాచలం. దానికి దోసం ఉండదు.”

“సర్కారోడు నాకు మల్ల మొగుణ్ణి తెచ్చి ఇత్తాడేటి? బస్సు ఒచ్చింది, ఎక్కు.”

ఎక్కాను.

అది జరిగిన మరుసటి ఏప్రిల్లో, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, నా గది పక్కనున్న లాండ్రీలో నిప్పంటుకుంది. బట్టలు ఆరబెట్టే మిషన్లో పేరుకున్న నూగు రాజుకుని పక్కనున్న దుప్పట్ల గుట్టకు పాకింది. బెల్లు మోగింది. కరెంటు పంపు లేచింది, రెండు నిమిషాలకే కరెంటు పోయింది, డీజిల్ పంపు లేచింది. నేను చేయాల్సిందల్లా చేశాను. లాండ్రీ వరండాలోకి తెరుచుకునే లోపలి తలుపు మూసి, కొండవైపు తలుపు తాళం తీసి, గాలి తగిలేలా గడపలో నిలబడ్డాను. అక్కణ్ణుంచి లాండ్రీ కిటికీ కనబడుతుంది. పావుగంటలో మంట చచ్చిపోయింది. నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

ఆఫీసరు వచ్చి చెప్పేదాకా పంపు ఆపకూడదు. ఆ సంగతి నాకు నిద్రలో అడిగినా తెలుసు. కానీ ఏప్రిల్ నెలలో అన్ని నీళ్లు వట్టి పుణ్యానికి పోతుంటే చూడలేకపోయాను. ఇంజను ఆపేశాను. తడిసిన దుప్పట్లు లోపల్లోపల మగ్గి, వరండా నిండా నల్లగా పొగ కక్కాయి. అది నేను గమనించలేదు.

గేటు దగ్గర సింహాచలమ్మ లిస్టు పిలిచింది. తాతబ్బాయి ఆ వారం పెళ్లికని లిటిల్ అండమాన్ వెళ్లాడు. పద్దెనిమిదో పేరుకి జవాబు రాకపోయినా అతను లేడని అందరికీ తెలుసు. పంతొమ్మిది దగ్గర ఆమె ఆగిపోయింది. కేకేసేవాళ్లు లేరు, నేనూ లేను. ఫైరింజను ఇంకా రాలేదు. కరెంటు లేక ఇంటర్‌కామ్ పలకలేదు. పంపు మోత కూడా ఆగిపోయేసరికి ఆమెకు నా గురించి భయం పట్టుకుంది. కొండవైపు తలుపుకి ఎప్పుడూ తాళమే ఉంటుందని ఆమెకు తెలుసు, ఆ రోజు తెరిచి ఉందని తెలియదు. లిస్టు పక్కవాళ్ల చేతిలో పెట్టి, వద్దంటున్నా వినకుండా లాండ్రీ వరండాలోకి వచ్చేసింది. మంటలోకి తిరిగి వెళ్లకూడదని ఆమెకు నేర్పింది నేనే.

నేను గడపలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. లోపలి తలుపు అవతలి నుంచి వినిపించింది.

“గవరయ్యా.”

మొదట ఎవరో అనుకున్నాను. తర్వాత ఆమేనని పోల్చుకున్నాను. ఇన్నేళ్లుగా నేను గదిలో కూర్చుని అనుకరించిన గొంతు అస్సలు అలా లేదు. మధ్యలో ‘వ’ దగ్గర కొంచెం సాగదీసి, చివర పిల్లను పిలిచినట్టు మెత్తగా వదిలింది. ఉన్నానని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను అనలేదు. అంటే ఇంక పిలవదు. మళ్లీ ఎన్నేళ్లకు పిలుస్తుందో, అసలు పిలుస్తుందో లేదో. ఇంకొక్కసారి విందామనుకున్నాను.

“గవరయ్యా, ఓ గవరయ్యా.”

నేను నవ్వుకుంటున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. లోపల నా భార్య పొగ మింగుతూ నన్ను వెతుకుతుంటే నేను గడపలో నిలబడి నవ్వుకున్నాను. మూడోసారి పిలిచినప్పుడు దగ్గు అడ్డం వచ్చి పేరు సగంలో తెగింది. ఇంకోసారి పిలిస్తే పలుకుదామనుకున్నాను. ఆ పిలుపు రాలేదు. అంతా కలిపి ఒక నిమిషం ఉంటుందేమో. తలుపు తీసేసరికి ఆమె నాలుగడుగుల అవతల బోర్లా పడి ఉంది.

ఇరవై మూడు రోజులు హాస్పిటల్లో ఉంది. ఊపిరితిత్తులు పొగకు దెబ్బతిన్నాయని, ఎత్తులు ఎక్కకూడదని డాక్టరు చెప్పాడు. ఆమె మంచం పక్కనే ఆఫీసరు నా వాంగ్మూలం రాసుకున్నాడు. పిలుపు వినపడిందా అని అడిగాడు. లేదు, పంపు మోత అన్నాను. నేను తొందరపడి ఆపడం గురించి చాలా తిట్టాడు. తిట్లన్నీ పడ్డాను. వాటిలో నాకు పడాల్సిన తిట్టు ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక ఆమె గొంతు గుసగుసకు తగ్గిపోయింది. నాలుగు మాటలంటే మధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకునేది. నేను ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే బోటు ఇంజన్లు బాగుచేసుకుంటున్నాను. చెప్పేయాలని రోజూ అనుకునేవాణ్ణి. తిట్టినా, కొట్టినా, వదిలేసి అన్నగారింటికి పోయినా సరే. నిజం చెబితే కనీసం ఆ మూడు పిలుపులూ నాకు చేరాయని ఆమెకు తెలుస్తుంది. చేరాయని చెప్పాలనే నా గోలంతా.

నాలుగు నెలలకు, ఒక మధ్యాహ్నం వాన వెలిశాక, గుమ్మంలో కూర్చుని ఆమే అడిగింది.

“పంపు మోత అన్నావు ఆఫీసరుకి. నాను ఒచ్చినప్పుడు మోత ఏటీ లేదు. నిజం సెప్పు. నాను పిలిచింది నీకు ఇనపడింది గదా?”

నోరు తెరిచాను. ఆమె నా మొహం చూడడం లేదు. చెప్పడానికి అదే సమయం.

“మా అమ్మ నాకొక్కదానికే సెప్పింది,” అంది ఆగి ఆగి. “ఆ పొద్దు మా నాన్న ఇన్నాడంట. ఇని, ఇటు తిరిగి సూసినాడంట. తిరిగినప్పుడే అల కొట్టింది. పేరు నోట్లోంచి ఒస్తే ఏటీ అవదు. ఆ మనిసి సెవిలో పడితేనే పోతాడు. నువ్వు వాకిలి దాటితే సాలు, మల్ల ఒస్తావో రావో అని నాకు నిద్దర లేదు. నాలుగు నెల్లయింది.”

ఆమె చెయ్యి గుండె మీదే ఉంది. కళ్ల కింద నలుపు డాక్టరు అనుకున్నట్టు పొగ వల్ల వచ్చింది కాదని అప్పుడు అర్థమైంది.

“ఇనపడలేదు,” అన్నాను.

“మోత లేదు గదా?”

“అప్పుడే ఆపినాను. డీజిల్ పంపు పక్కన పావుగంట నిలబడితే సెవులు దిమ్మెక్కిపోతాయి, సిమ్మాచలం. ఓడ కూత కూసినా ఇనపడదు. నువ్వు పిలిచినావని ఆఫీసరు అడిగేదాకా నాకు తెలీదు.”

“మూడుసార్లు పిలిచినాను.”

“అవునేటి?”

“ఒక్కటీ పడలేదా?”

“ఒక్కటీ పడలేదు.”

“నా మీద ఒట్టెయ్యి.”

ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఇంక ఎన్నేళ్లు బతికినా ఆ మూడు పిలుపుల సంగతి ఆమెతో అనడానికి లేదు. సింహాచలమ్మ నావైపు చూసి, గుండె మీద చెయ్యి తీసేసింది. దగ్గు రాకుండా నిండా ఒక ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి గోడకు జారబడి అక్కడే నిద్రపోయింది. పక్కింట్లో రేడియో మోగుతుంటే నేను వెళ్లి ఆపమని చెప్పి వచ్చి, ఆమె లేచేదాకా కాపలా కూర్చున్నాను.