ఫొటో కోసం పరిచిన బరకం

నేనొక బరకాన్ని. కాగితాల్లో టార్పాలిన్ అని రాస్తారు గానీ, పల్నాడులో మిరపకాయలు ఆరబోసే కళ్లాల దగ్గర ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. ఫ్యాక్టరీలో నన్ను నేసి, అంచులకు చిల్లులు కొట్టి, రాయితీ సరుకని ముద్ర వేసి లారీ ఎక్కించారు. రైతు దగ్గరికి పోతున్నానని తెగ మురిసిపోయాను. ఎంత అమాయకత్వం!

నన్ను అందుకున్న రైతు పేరు పూర్ణయ్య. ఆయనకు నరసరావుపేటలో మేడ, దాని కింద సిమెంటు కొట్టు. ఊళ్లో పొలం ఉంది గానీ, కౌలుకు తీసుకుని సేద్యం చేసేది రూతమ్మ. నారు ఆమెది, పురుగుమందు ఆమెది, నడుంనొప్పీ ఆమెదే. పాసుపుస్తకం మాత్రం ఆయనది. సర్కారుకు పాసుపుస్తకం కనబడినంత బాగా మనిషి కనబడదు. విత్తనాల రాయితీ, స్ప్రేయరు, పంట నష్టపరిహారం, అన్నీ పేటలోని మేడకే చేరేవి.

ఈసారి ఒక చిక్కు వచ్చిపడింది. బరకాన్ని పంట మీద పరిచి ఫొటో తీయాలట. పూర్ణయ్యకు పంటేదీ? అందుకని నన్ను కారులో వేసుకుని రూతమ్మ కళ్లానికి వచ్చాడు. వ్యవసాయ శాఖ ఉద్యోగి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. రూతమ్మ చేతనే ఆమె కాయల మీద నన్ను పరిపించి, తలకు తువ్వాలు చుట్టుకుని పూర్ణయ్య అచ్చం రైతులాగా నవ్వాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఫొటో అయింది. "మడిచి కారులో పెట్టవే. కొట్లో సిమెంటు బస్తాల మీద కప్పాలి" అన్నాడు.

అప్పటికే పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. రూతమ్మ ఏడాది కష్టమంతా ఆ ఎర్రటి రాశే. తడిస్తే బూజు పట్టి తాలుకాయల కింద జమ, కొనేవాడు కూడా దొరకడు. ఆమె ఒకసారి ఆకాశం చూసింది. నా అంచుల మీద రాళ్లు పెట్టింది. తర్వాత వచ్చి నా మీదే చతికిలబడింది.

"లెయ్యి. వినపళ్లా?"

"వినపడింది. లెయ్యను. కాయలు తడిత్తే మీరిత్తారా అయ్యా?"

"వచ్చే ఏడు పొలం నీకియ్యను, చూస్కో!"

"ఇయ్యబాకండి. ఈ వాన మాత్రం ఈ ఏటిదే." ఉద్యోగి వైపు తిరిగింది. "సారూ, ఆ ఫొటోలో కాయలెవరియ్యో కూడా రాసుకోండి."

ఆయన ఫోను జేబులో వేసుకుని బండి దగ్గరికి నడిచాడు. వాన దబదబా కొట్టింది. పూర్ణయ్య కారులోకి పరుగెత్తాడు. నేను ఒక్క చుక్కను కూడా కిందికి దిగనివ్వలేదు. నా బతుకులో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు.

పూర్ణయ్య అన్నంత పనీ చేశాడు. పొలం పోయింది. రూతమ్మ ఊరి చివర రాళ్లచేను కౌలుకు పట్టింది. నన్ను తిరిగివ్వలేదు. దొంగసొత్తని ఊళ్లో కొందరు గొణిగారు. గొణగనీ. ఎవరి సొత్తు ఎవరు తిన్నారో నాకు తెలుసు.

ఈ ఏడు మళ్లీ బరకాలు వచ్చాయి. అవి అందుకునేవాళ్ల పేర్లలో కౌలురైతు ఒక్కరూ లేరు. రూతమ్మ నన్ను నెత్తిన పెట్టుకుని వ్యవసాయ కార్యాలయానికి నడిచింది. గుమ్మానికి అడ్డంగా పరిచి కూర్చుంది. వెంట వచ్చిన కౌలుదార్లందరూ కూర్చున్నారు. చిరుగులు పడ్డ ఒళ్లే నాది, అయినా అందరికీ చోటిచ్చాను.

లోపల్నుంచి అధికారి విసురుగా వచ్చాడు.

"ఎవరిదీ బరకం? తియ్యండి!"

"మాది" అన్నది రూతమ్మ. ఒక్కరూ లేవలేదు.