తల్లి వైపు కాపీ

డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు ఆయన కళ్లు కంప్యూటరు మీదే ఉన్నాయి.

"జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. పదిహేనో క్రోమోజోములో ఒక ముక్క లేదు. తల్లి నుంచి వచ్చిన కాపీలో లోపం."

తల్లి ఒళ్లో కూర్చున్న గువ్వ, టేబులు మీదున్న నీళ్ల సీసా కోసం చేతులు చాపుతూ నవ్వుతోంది. ఐదేళ్ల పిల్ల. మాటలు రాలేదు. నడిస్తే తూలుతుంది. అప్పుడప్పుడూ మూర్ఛ వస్తుంది. పలకరించినా నవ్వుతుంది, కసిరినా నవ్వుతుంది. పిల్ల ఎందుకిలా ఉందో తెలుసుకోవడానికి వాళ్లు ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. చివరికి తెలిసింది ఇదీ.

తండ్రి లిఫ్టు మెకానిక్. చేతులు కట్టుకుని విన్నాడు. అతని వెనక నిలబడ్డ అత్తగారు కోడలి వైపు ఒక చూపు చూసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది.

"మా వైపు ఏడు తరాల్లో ఇట్లాంటిది లేదు. తల్లి నుంచి వచ్చిందని డాక్టరే చెప్పాడుగా."

వారం తిరక్కముందే ఆ మాట మెట్లు దిగి వీధిలోకి వెళ్లింది. పక్కింటావిడ దారిలో ఆపి, "నీకు ముందే తెలియదా పాపం?" అని అడిగింది, జాలిగానే. గువ్వ తల్లి కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చే మనిషి. ఆ రోజు చెయ్యి ఒత్తిడి ఎక్కువై అద్దం అంచు పెచ్చు లేచిపోయింది. ఇంకొకటి తీసింది. అదీ లేచింది. మిషను ఆపి బయటికొచ్చి నేరుగా అక్క దగ్గరికి వెళ్లింది.

అక్క పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. ప్రోటీన్లను శుద్ధి చేసి, స్ఫటికాలుగా పెంచి, వాటి ఆకారం కనిపెట్టడం ఆమె పని. చెల్లెలు వచ్చేసరికి ప్రోటీన్లు పాడవకుండా ఉంచే చల్లగదిలోంచి కోటుతో బయటికొస్తోంది.

"నువ్వు పంపిన రిపోర్టు చూశానే. నమ్మలేకపోయాను. గువ్వకి లేని ఎంజైము, నేను పనిచేసే ఎంజైము ఒకే కుటుంబం."

"నాకు కుటుంబాల సంగతి చెప్పకు అక్కా. ఆ కాపీ నేనెలా పాడుచేశానో చెప్పు."

అక్క ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటరులో ఒక బొమ్మ తెరిచింది. రంగురంగుల రిబ్బన్లు మెలితిరిగినట్టుంది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ పని అయిపోయిన ప్రోటీన్లుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే పేరుకుపోతాయి. అందుకని వాటికి ఒక చిన్న బిళ్ల అంటిస్తారు. దాని పేరు యుబిక్విటిన్. ఆ బిళ్లలు గొలుసుగా అంటుకున్న ప్రోటీన్ని ముక్కలు చేసేస్తారు. బిళ్లని తయారుగా ఉంచేది ఒకటి, మోసుకొచ్చేది ఇంకొకటి. ఎవరికి అంటించాలో తేల్చేది మూడోది, లైగేజ్. మనిషిలో ఇలాంటి లైగేజులు ఆరువందల పైనే ఉన్నాయి. ఒక్కోదానికి అంటించాల్సినవాళ్లు వేరు. గువ్వ మెదడులో లేనిది వాటిలో ఒకటి."

"ఇదేనా?"

"దీని చుట్టం. చూడు, ఈ పెద్ద ముక్క మోసుకొచ్చేవాణ్ణి పట్టుకుంటుంది. ఈ చిన్న ముక్క బిళ్లని ముందు తన ఒంటికే తగిలించుకుంటుంది. రెండిటి మధ్యా సన్నటి మడత ఉంది కదా, దాని మీద తిరిగి అవతలివాడికి అంటిస్తుంది. ఈ మడత కదలకపోతే అంతే, పని సున్నా."

చెల్లెలు బొమ్మని చూసింది. "మరి నా తప్పు ఎక్కడ?"

"నీ తప్పేంటే? ప్రతి జన్యువూ మనకి రెండు కాపీలుంటాయి, అమ్మదొకటి, నాన్నదొకటి. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం మెదడు కణాలు నాన్న కాపీని నిద్రపుచ్చేస్తాయి. నీ మెదడులోనూ అంతే, నాలోనూ అంతే, మీ అత్తగారిలోనూ అంతే. అందరం అమ్మ కాపీ మీదే బతుకుతున్నాం. గువ్వకి ఆ ముక్క అండం తయారయ్యేటప్పుడు ఊడిపోయింది. నీ రక్తం కూడా పరీక్ష చేశారుగా, నీ క్రోమోజోములు నిక్షేపంలా ఉన్నాయి. అదే ముక్క నాన్న వైపు ఊడితే ఇంకో జబ్బు వస్తుంది. అప్పుడు మీ ఆయన్ని అనేవాళ్లా?"

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదంతా ఆ డాక్టరుకి తెలుసా?"

"తెలియకుండా ఎలా ఉంటుంది?"

ఆ ఆదివారం అక్క చెల్లెలి ఇంటికి వచ్చింది. ముందుగదిలో చెల్లెలి మొగుణ్ణీ అత్తగారినీ కూర్చోబెట్టి మొత్తం మళ్లీ చెప్పింది. ఓపిగ్గా, చేతులు తిప్పుతూ చెప్పింది. నిద్రపోతున్న తండ్రి కాపీని లేపడానికి మందులు తయారు చేస్తున్నారనీ, అవి ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయనీ కూడా చెప్పింది.

గువ్వ తండ్రి ముందుకి వంగాడు. "అంటే వదినా, నా కాపీ బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది. కాకపోతే..."

"చూశావా," అంది అత్తగారు. "మావాడిది బాగానే ఉందట. ఆ చదువుకున్నమ్మాయే చెప్పింది."

అక్క మొహం ఎర్రబడింది. "అత్తయ్యగారూ, నేను చెప్పిందేంటి, మీరు విన్నదేంటి? అందరి మెదడులోనూ ఆ లైగేజు అమ్మ కాపీ నుంచే..."

"చాలు అక్కా." చెల్లెలు లేచింది. గొంతు పెద్దది చెయ్యలేదు. "నువ్వు కూడా ఇంక ఆపు. ఎంజైముకి మడత ఎక్కడుందో నీకు తెలుసు. నా కూతురికి మూర్ఛ వచ్చేముందు ఏ చెయ్యి వణుకుతుందో తెలుసా? పుట్టాక ఎన్నిసార్లు ఎత్తుకున్నావు దీన్ని?"

అక్క గువ్వ వైపు చూసింది.

"మీరు చెప్పండి," అని చెల్లెలు మొగుడి వైపు తిరిగింది. "మీ కాపీ బాగుంది. సంతోషం. నిద్రపోతోందట కూడా. దానికీ మీకూ తేడా ఏముంది? ఐదేళ్లుగా ఈ పిల్లతో రాత్రుళ్లు మేలుకుంటున్నది నేను. మీ అమ్మ వీధంతా నా మీద దుమ్మెత్తి పోస్తుంటే మీరు స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ కూర్చున్నారు."

"నేనేం అన్నాను?" అన్నాడు అతను.

"ఏమీ అనలేదు. నా కడుపు మండేది అందుకే."

అత్తగారు ఏదో అనబోయింది. "మీతో తర్వాత మాట్లాడతాను అత్తయ్యా," అంది కోడలు. ఆ గొంతు విని ఆవిడ తగ్గింది. గువ్వ నేల మీద కూర్చుని అందరి మొహాలూ చూస్తూ చప్పట్లు కొట్టి నవ్వుతోంది. ఆ నవ్వుని అప్పుడు ఎవరూ భరించలేకపోయారు.

మర్నాడు ఆమె షాపుకి వెళ్లలేదు. మొగుణ్ణీ అత్తగారినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. వరసలో కూర్చుని, పిలిచాక లోపలికి వెళ్లి, పిల్లని మొగుడి ఒళ్లో కూర్చోబెట్టింది.

"మందులేమైనా పడటం లేదా?" అన్నాడు డాక్టరు.

"మందులు పడుతున్నాయి. మీ మాటే పడలేదు సార్. లోపం తల్లి కాపీలో అన్నారు కదా, మిగతాది కూడా చెప్పండి."

"నేను తప్పు చెప్పలేదమ్మా."

"తప్పు కాదు. సగం. ఆ సగం పట్టుకుని మా ఇంట్లో నన్ను నిలువునా కాల్చేశారు. మిగతా సగం వీళ్లకి వినపడేట్టు చెప్పండి. నాకు తెలుసు, నాకొద్దు."

"బయట చాలామంది ఉన్నారమ్మా."

"చూశాను. వాళ్లలోనూ తల్లులున్నారు."

డాక్టరుకి కోపం వచ్చింది. అది ఆయన మొహంలో కనిపించింది కూడా. కానీ ఆమె కుర్చీ వదిలేలా లేదు. ఆయన కంప్యూటరు పక్కకి జరిపి, మొదటిసారి వాళ్ల కళ్లలోకి చూస్తూ చెప్పాడు. ఈ ఒక్క జన్యువు విషయంలో తండ్రి కాపీ మెదడులో ఎవరికీ పనిచెయ్యదని, ముక్క ఊడటం ఎవరి చేతుల్లోనూ లేదని, తల్లి జన్యువుల్లో ఏ లోపమూ లేదని. చెప్పేకొద్దీ ఆయన గొంతులో విసురు తగ్గింది. చివర్లో, "ఇది నేను ఆ రోజే చెప్పాల్సింది," అన్నాడు.

అత్తగారు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నాకేం తెలుసు," అంది బయటికొచ్చాక, గోడతో చెప్పినట్టు. ఆవిడ నుంచి అంతకన్నా రాలేదు. కానీ ఆ సాయంత్రం పక్కింటావిడ మెట్ల దగ్గర మళ్లీ ఏదో అడగబోతే, "మా కోడల్లో ఏ లోపమూ లేదట," అని ముక్తసరిగా చెప్పి తలుపు వేసుకుంది.

అంతకుముందు, ఆసుపత్రి నుంచి కదిలేటప్పుడే మొగుడు వరండాలో ఆగాడు. గువ్వ అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని నమిలేస్తోంది.

"అమ్మకి నేను ముందే చెప్పాల్సింది," అన్నాడు.

"మీ అమ్మ సంగతి తర్వాత. నాకేం చెబుతారు?"

అతను పిల్ల నోట్లోంచి గుండీ తీశాడు. "ఇవాళ్టి నుంచి రాత్రి దీని దగ్గర నేనుంటాను," అన్నాడు.

"ఉండండి. నా కోపం మాత్రం దాంతో పోదు."

పోలేదు కూడా. ఆ నెలంతా ఆమె అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అతను మాత్రం మాట నిలుపుకున్నాడు. పొద్దున్నే మండుతున్న కళ్లతో లిఫ్టుల దగ్గరికి వెళ్లాడు.

గొడవ జరిగిన తర్వాతి ఆదివారమే అక్క ఫోను కూడా చెయ్యకుండా వచ్చింది. నీళ్లంటే గువ్వకి ప్రాణమని, బకెట్లో నీళ్లు పెట్టుకుని దాని పక్కన నేల మీద కూర్చుంది. కాసేపటికి చీర మోకాళ్లదాకా తడిసింది. చెల్లెలు వంటగదిలోంచి చూసింది. ఒక పొడి తువ్వాలు తెచ్చి అక్క భుజం మీద పడేసి, పిల్లని ఆమెకి వదిలేసి, గదిలోకి వెళ్లి, పడుకుంది.