వేగం తగ్గించిన పరికరం

“ఎనిమిది యాంటెన్నాలు! ఇలా రా, చూడు” అంటూ మా ఆయన ఆ పెట్టె విప్పినప్పుడు నేను మంచం మీద బట్టలు మడతపెడుతున్నాను. నల్లటి రూటర్, కాళ్ళు పైకెత్తి పడుకున్న సాలీడులా ఉంది. దాన్ని ఎంచుకోవడానికి ఆయనకు నెల రోజులు పట్టింది. వైరు లేకుండా గేమ్ ఆడినా ఒక్క క్షణం కూడా ఆగకూడదట. లైట్లు, తలుపు దగ్గర కెమెరా, అత్తయ్య గదిలో మాట వినే స్పీకరు, ఆఖరికి గీజరు కూడా ఫోన్ నుంచే నడవాలట. ఆ నెల్లాళ్ళూ వీడియోలు చూశాడు, స్నేహితులకు ఫోన్లు చేశాడు, షాపువాడి బుర్ర తినేశాడు. అడగనిదల్లా నన్నే. నేనేమో ఒక ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేస్తాను. వంటింట్లో ఓ మూల బల్ల వేసుకుని, తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, రూటర్ ఎలాంటిది కొనాలో, ఎక్కడ పెట్టాలో ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పి జీతం తెచ్చుకుంటాను.

అయినా ఉండబట్టలేక, అది కొనకముందే ఒకరోజు చెప్పాను. “మనకు ఇంత పెద్దది అక్కర్లేదండీ. కలిసి పనిచేసే చిన్నవి రెండు తీసుకుంటే చాలు. మీ గదికీ వంటింటికీ మధ్య గోడ మందం. ఇవతలికి సిగ్నల్ సరిగ్గా రాదు.”

ఆయన తలెత్తకుండానే నవ్వాడు. “నువ్వు స్క్రీన్ మీద ఉన్నది చదివి చెప్తావు. నేను లోపలి సంగతులు కూడా చూస్తాను.”

అత్తయ్య వెంటనే అందుకుంది. “వాడికి తెలియదా అమ్మాయ్? చిన్నప్పుడే రేడియో మొత్తం విప్పేశాడు.”

మళ్ళీ బిగించాడా అని అడుగుదామనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకొచ్చిన గొడవలే అని మింగేశాను. ఒళ్ళు మాత్రం మండిపోయింది.

కొత్త రూటర్ వచ్చాక ఇంటికి తెలివి పెరిగిందన్నారు. నాకు పెరిగింది చాకిరీ. గోడ మీద స్విచ్చి నొక్కితే లైటుకు నెట్ పోతుందని, ఆయన ప్రతి స్విచ్చి మీదా ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించాడు. అత్తయ్య స్పీకరుతో “లైటెయ్యవే” అంటుంది, అదేమో పాట పెడుతుంది. ఆవిడ దాన్ని నాలుగు తిట్టి, “అమ్మాయ్!” అని నన్ను కేకేస్తుంది. లైటు వెలగకపోయినా నేనే వెళ్ళాలి, కెమెరా ఆగిపోయినా నేనే వెళ్ళాలి. “ఇవన్నీ ఇక నువ్వు చూసుకో” అని మా ఆయన రూటర్ యాప్‌ను నా ఫోన్‌లో కూడా వేశాడు. లైట్ల పేజీ తప్ప అందులో నేనింకేదీ తెరవలేదు. ఫోన్ చేసినవాళ్ళ చేత అయితే ప్రతి పేజీ తెరిపిస్తాను. సొంతింట్లో అలా వెతకాలంటే ముందు అనుమానం రావాలి, నాకు రాలేదు.

రెండోవారం నుంచి నా కాల్స్ తెగిపోవడం మొదలైంది. సాయంత్రం ఐదు దాటితే చాలు, నా గొంతు అవతలివాళ్ళకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఒకాయనైతే “మీ నెట్టే సరిగ్గా లేదు, మీరు నాదేం బాగుచేస్తారమ్మా?” అని పెట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మూడు కాల్స్ అలా పోయాక సూపర్‌వైజర్ మేడమ్ పిలిచి చెప్పింది. “శనివారం ఐదున్నరకు నీకొచ్చే కాల్ మొదట్నుంచీ చివరిదాకా నేను వింటాను. అది కూడా తెగిందంటే ఇంటినుంచి పని రద్దు. రోజూ ఆఫీసుకు రావాల్సిందే.” ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, మనిషి పక్కన లేకపోతే మంచం దిగలేదు. రద్దంటే ఏమిటో నాకు అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సంగతంతా చెప్పాను. ఆయనకు ఆ రోజు సెలవు.

“రమ్మంటే మానెయ్. కొంపలేం మునిగిపోవు. అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా” అన్నాడు కూర కలుపుకుంటూ. తొమ్మిదేళ్ళ ఉద్యోగం. పెళ్ళికి ముందు నుంచీ నాదంటూ మిగిలింది అదొక్కటే.

“ఇవాళ ఒక్క గంట మీ ఆట ఆపుతారా?”

“ఇవాళే దొరికిందా నీకు? మా టీమంతా కాచుకుని ఉంటుంది. అయినా నా ఆటకూ నీ కాల్‌కూ సంబంధమేంటి? నీ లాప్‌టాప్ పాతబడిపోయింది, అదీ సంగతి.” నా కళ్ళలోకి చూస్తూనే అన్నాడు ఆ మాట. నేను నమ్మాను.

ఐదున్నరకు కాల్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, చిన్న గొంతు. మేడమ్ లైన్‌లో ఉన్నట్టు స్క్రీన్ మీద కనిపిస్తోంది. గోడవతల మా ఆయన “కొట్టు, కొట్టు, ఎడమపక్క!” అని అరుస్తున్నాడు.

“నేను పిల్లలకు వీడియోలో బొమ్మలు వెయ్యడం నేర్పిస్తానండీ. సాయంత్రమయ్యేసరికి నా వీడియో ఆగిపోతోంది. ఇంట్లో మిగతా అందరికీ బాగానే వస్తోంది. నా ఒక్కదానికే ఇలా” అందావిడ.

వాళ్ళదీ మా రూటర్ లాంటిదే. యాప్ తెరిచి, పరికరాల పేజీకి వెళ్ళమన్నాను. “మీ ఫోన్ పేరు పక్కన ఏదైనా గుర్తు ఉందా అండీ?”

“తాబేలు బొమ్మ ఉంది.”

“అంటే వేగం తగ్గించి ఉంది. అది దానంతటది రాదండీ. ఎవరో ఒకరు పెడితేనే వస్తుంది.”

నా నోటినుంచి ఆ మాట బయటికి వచ్చాక నేనే విన్నాను. నా ఫోన్ తీసి యాప్ తెరిచాను. అన్నిటికంటే పైన మా ఆయన గేమ్, పక్కన రాకెట్ బొమ్మ. తర్వాత టీవీ, కెమెరా, పదకొండు లైట్లు, స్పీకరు, గీజరు. అడుగున నా లాప్‌టాప్. దాని పక్కన తాబేలు. ‘రోజూ సాయంత్రం 5 నుంచి 9 వరకు’ అని రాసి ఉంది. గీజరుకు కూడా లేదు ఆ తాబేలు!

ఈ రెండువారాలూ నేను మేడమ్‌కు ఎన్నిసార్లు క్షమాపణ చెప్పాను! గోడను తిట్టుకున్నాను, లాప్‌టాప్‌ను తిట్టుకున్నాను. ఆయన పక్కగదిలో కూర్చుని అన్నీ వింటూనే ఉన్నాడు. ఉద్యోగం పోయినా ఫర్వాలేదనుకున్నాడు. కాదు, పోతేనే మంచిదనుకున్నాడేమో.

“మేడ... ఉన్నా... రా?” ఫోన్ చేసినావిడ గొంతు ముక్కలవుతోంది. కాల్ తెగబోతోంది.

నేను తాబేలు మీద నొక్కాను. ‘తీసేయాలా?’ అని అడిగింది. అవునన్నాను.

“ఉన్నానండీ, చెప్పండి.”

“హమ్మయ్య, ఇప్పుడు బాగా వినిపిస్తోంది. ఇది పెట్టింది మా వారేనండీ. పాస్‌వర్డ్ ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.” ఆవిడ బాగా గొంతు తగ్గించి అడిగింది. “నేను తీసేస్తే ఆయనకు తెలుస్తుందా?”

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో మాకు రాసిచ్చారు. ‘ఖాతా యజమానిని సంప్రదించండి’ అనాలి, అంటే వాళ్ళాయన్నే అడగమని. అది నా ముందు స్క్రీన్ మీదే ఉంది. మేడమ్ వింటోంది. గోడవతల ఆట అరుపులు ఆగిపోయాయి. ఆయన ఫోన్ ‘టింగ్’మంది, కుర్చీ వెనక్కి జరిగింది. “ఏయ్, ఏం నొక్కావు నువ్వు?” అంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

నేను ఆయన వైపే చూస్తూ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా ఆవిడకు జవాబు చెప్పాను.

“తెలుస్తుందండీ. వెంటనే తెలుస్తుంది. తీసేయండి.”